ఏడవడం రాని బ్యూగిల్

మన బడి పూర్వవిద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడే అనుకున్నాను, హాస్టల్ గోడ దూకిన కథలు నా వంతు కాదని. వాటికి మన బ్యాచ్‌లో చెయ్యి తిరిగినవాళ్ళు బోలెడుమంది. నేను బ్యాండు గది మనిషిని. అందులోనూ బ్యూగిల్ అనే ఇత్తడి బాకా ఊదే మనిషిని.

మన బ్యాండు మాస్టారు సైన్యంలో బ్యూగిల్ ఊది రిటైరై వచ్చినవారు. కొత్తగా చేరినవాడికి బ్యూగిల్ ముట్టుకోనిచ్చేవారు కాదు. మౌత్‌పీస్ ఒక్కటే చేతిలో పెట్టి, "ముందు దీన్ని పలికించరా, తరవాత చూద్దాం" అనేవారు. పెదాలు బిగబట్టి గాలి వదిలితే మొదట్లో బుస్సుమనడమే గాని పలికేది కాదు. పలకాల్సింది ఇత్తడి కాదు, మన పెదాలు. గొట్టం దాన్ని పెద్దది చేస్తుందంతే. కాసేపు ఊదేసరికి లోపల నీరు చేరి గరగరమనేది. తలకిందులు చేసి విదిలించి మళ్ళీ అందుకోవాలి. పరేడ్ ముందురోజు బ్రాసోతో తోమి తోమి వేళ్ళు నల్లబడేవి. మరునాడు తెల్లచొక్కా మీద ఆ నల్లటి ముద్రలు పడ్డాయని తిట్లు వేరే.

బ్యూగిల్‌కి మీటలుండవు, వేళ్ళతో మూసే రంధ్రాలూ ఉండవు. స్వరం మారాలంటే పెదాల బిగువు మార్చడమొక్కటే దారి. అలా మామూలుగా వచ్చేవి ఐదే. మన లెక్కలో చెప్పాలంటే కింది షడ్జం, పంచమం, పై షడ్జం, ఆ పైన గాంధారం, మళ్ళీ పంచమం. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవత నిషాదాలు అసలే లేవు. ఉన్న గాంధారం కూడా అంతర గాంధారమే, అంటే పెద్దది. శుభపంతువరాళి రాగంలో గుండె పిండే ఆ చిన్న గాంధారం దీని మీద పలికించడం బ్రహ్మతరం కాదు. స్వరాన్ని ఊపే గమకానికీ చోటు లేదు. అంటే శోకానికి కావలసిన సరంజామా ఒక్కటీ లేని వాయిద్యమన్నమాట. మరి దీన్ని విని రాయిలాంటి మనుషులు కూడా ఎందుకు కళ్ళు తుడుచుకుంటారు?

నాకు తోచిన జవాబు ఒకటే. సైన్యానికి సంకేతాలుగా బ్యూగిల్ మీద ఊదే పిలుపుల్ని ఎవరూ ఏడిపించడానికి కట్టలేదు.

లాస్ట్ పోస్ట్ సంగతే చూడండి. బ్రిటిష్ సైన్యంలో రాత్రిపూట అధికారి కాపలా చోట్లన్నీ తనిఖీ చేసేవాడు. మొదలుపెట్టేటప్పుడు ఒక పిలుపు, చివరి కాపలాదారుణ్ణి చూసి ముగించాక ఇంకో పిలుపు. ఆ రెండోదే లాస్ట్ పోస్ట్. అందరూ చోట్లో ఉన్నారు, ఇవాళ్టి పని అయిపోయింది, ఇక పడుకోండి అని దానర్థం. తర్వాతెప్పుడో సమాధుల దగ్గరికి చేరింది. బతికున్నన్నాళ్ళూ ప్రతి రాత్రీ ఏ పిలుపు విని పడుకున్నాడో, ఆ పిలుపే చివర్లోనూ వినిపిస్తారు. కొత్తగా ఏమీ చెప్పరు. అందుకే తట్టుకోలేం.

అమెరికా వాళ్ళ టాప్స్‌దీ ఇదే దారి. 1862 జూలైలో, అంతర్యుద్ధం నడుస్తుండగా, వర్జీనియాలోని హారిసన్స్ లాండింగ్ శిబిరంలో జనరల్ డేనియల్ బటర్‌ఫీల్డ్ దీపాలార్పే పిలుపు బాగాలేదని మార్పించాడు. ఆలివర్ నార్టన్ అనే బ్యూగ్లర్ మొదట ఊదాడు. మొత్తం ఇరవైనాలుగు స్వరాలు. ఆ రోజుల్లోనే టిడ్‌బాల్ అనే ఫిరంగిదళం అధికారి ఒక సైనికుణ్ణి పూడ్చిపెడుతూ, ఆనవాయితీ ప్రకారం తుపాకులు పేలిస్తే దగ్గర్లో ఉన్న శత్రువు దాడి అనుకుంటాడని, వాటి బదులు దీన్ని ఊదించాడంటారు. చూశారుగా, అక్కడా అవసరమే తప్ప కవిత్వం లేదు.

మాస్టారు ఈ చరిత్రలేవీ చెప్పలేదు. "ఇది ఏడుపు పాట కాదురా, డ్యూటీ. టయానికి ఊదాలి, సరిగ్గా ఊదాలి" అనేవారు. ఎవడైనా భావం ఒలకబోస్తూ సాగదీస్తే మధ్యలోనే ఆపించేవారు. అప్పుడు ఆయనకి రసం తెలీదనుకునేవాళ్ళం. రసమంతా ఆయన పట్టులోనే ఉందని ఈప్ర్ వెళ్ళాక తెలిసింది.

బెల్జియంలోని ఆ ఊళ్ళో మెనిన్ గేట్ అనే పెద్ద కమాను ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి, సమాధి కూడా దొరకని దాదాపు 55,000 మంది పేర్లు దాని గోడల నిండా చెక్కారు. భారత సైనికుల పేర్లూ ఉన్నాయి. 1928లో మొదలై, రోజూ రాత్రి ఎనిమిదింటికి ట్రాఫిక్ ఆపేసి లాస్ట్ పోస్ట్ ఊదుతారు. జర్మన్లు ఊరిని పట్టుకున్న 1940-44 మధ్య మాత్రం ఆగింది. అప్పుడు ఇంగ్లండులో ఒక సైనిక శ్మశానంలో కొనసాగించారు. పోలండ్ సేనలు ఊరిని విడిపించిన సాయంత్రమే, ఇంకో పక్క కాల్పులు వినిపిస్తుండగానే, మళ్ళీ మొదలుపెట్టారు. ఊదేవాళ్ళు సైనికులు కాదు, ఆ ఊరి అగ్నిమాపక దళం మనుషులు. నేను చూసిన రోజున వాళ్ళు వచ్చి నిలబడ్డ తీరులో నటన ఇసుమంతైనా లేదు. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినంత మామూలుగా వచ్చారు, ఊదారు. ఆఖరి స్వరం రాతి కప్పు కింద తిరుగుతుండగానే నా పక్కనున్న ముసలాయన టోపీ జారి కిందపడింది. తీసుకోవాలన్న ధ్యాస కూడా ఆయనకి లేదు.

ఇంకో సంగతి. బ్యూగిల్ ఎప్పుడైనా తప్పొచ్చు. వినేవాళ్ళంతా లోలోపల దానికి సిద్ధపడే ఉంటారు. 1963 నవంబర్ 25న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ అంత్యక్రియలప్పుడు సార్జెంట్ కీత్ క్లార్క్ చలిలో చాలాసేపు నిలబడి టాప్స్ ఊదాడు. ఆరో స్వరం దగ్గర గొంతు పూడుకుపోయినట్టు విరిగింది. ప్రపంచమంతా విన్నది. కావాలనే అలా ఊదాడేమో అనుకున్నవాళ్ళూ ఉన్నారు. బ్యూగిల్ పట్టినవాడెవడూ అలా అనుకోడు. చలికి పెదాలు మొద్దుబారితే ఏమవుతుందో మాకు తెలుసు.

అదే అమెరికాలో, 2000 నుంచి, మాజీ సైనికుడి కుటుంబం అడిగితే అంత్యక్రియల్లో టాప్స్ వినిపించడం చట్టప్రకారం తప్పనిసరి. అందరికీ సరిపడా బ్యూగ్లర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? 2003లో ఒక పరికరానికి అనుమతిచ్చారు. బ్యూగిల్ వెడల్పాటి చివర్లో దాన్ని దూర్చి, మీట నొక్కి, పెదాలకి ఆనించుకుని నిలబడితే చాలు, అదే పాడేస్తుంది. తప్పదు, లోటు పెద్దది. అసలేమీ లేకపోవడం కన్నా నయమే. కానీ నాకు మనసొప్పదు. తప్పే అవకాశం లేనిదాన్ని ఊపిరి బిగబట్టి ఎవరు వింటారు?

ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఈసారి సమ్మేళనంలో, సైన్యంలో చేరి తిరిగిరాని మనవాళ్ళ పేర్లు చదివాక లాస్ట్ పోస్ట్ స్పీకర్లలో వేద్దామని కార్యక్రమ పత్రంలో చూశాను. ఆ పని మానేద్దాం. బళ్ళో ఇప్పటికీ బ్యాండు ఉంది, ఊదే పిల్లలున్నారు. పాత బ్యూగిల్ గొట్టం సొట్టపోయిందని విన్నాను; దాన్ని బాగుచేయించే ఖర్చు నాది. సమ్మేళనానికి వారం ముందే వచ్చి ఆ పిల్లల దగ్గర కూర్చుంటాను. ముందు మౌత్‌పీసే ఇస్తానని ఇప్పుడే చెప్పెయ్యండి.