ఖాళీ స్థలంలో పోసిన శిథిలాలు తీయించడం – నా అనుభవం

మా వీధి చివరి ఖాళీ స్థలంలో ముందు ఎవరో ఇటుక పెళ్లలూ టైల్సు ముక్కలూ పోసి పోయారు. వెనకే పాత పరుపు వచ్చింది, విరిగిన కమోడు వచ్చింది, ఆపైన ఇంటి చెత్త కవర్లు. ఒక కుప్ప కనిపిస్తే చాలు, పక్కన ఇంకొకటి పోయడానికి ఎవరూ వెనకాడరు.

ఫిర్యాదు చేస్తే మొదటి ప్రశ్న, "స్థలం ఎవరిది?" ప్రైవేటుదైతే యజమానే తీయించుకోవాలట. మా కుప్పేమో సగం ఆ స్థలంలో, సగం రోడ్డు వారన. ఇంకేం, రెండు విభాగాలూ కొన్నాళ్లు ఒకరి మీదికొకరు నెట్టుకున్నాయి. ఫోన్లో చెప్పినవి ఎటు పోయాయో తెలీదు. కాగితం మీద రాసిచ్చి ఫిర్యాదు నంబరు తీసుకున్నాకే కదలిక వచ్చింది. అందులో "కంపు కొడుతోంది" అని వాపోలేదు. శిథిలాలు కాలవకు అడ్డం పడ్డాయని, వానొస్తే నీళ్లు రోడ్డెక్కుతాయని రాసి, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో గిలగిల్లాడుతున్న దోమ పిల్లల ఫొటో జతచేశాను. పని చేసింది ఆ ఫొటోనే అని నా నమ్మకం.

ఆధారాల కోసం కుప్పలో చేతులు పెట్టకండి. మేకులు, గాజు పెంకులు, ఒక్కోసారి సూదులు కూడా ఉంటాయి. వెనక గోడ గుర్తుపట్టేలా దూరం నుంచి ఒక ఫొటో, ఆపైన దగ్గర నుంచి. ఒక పార్సిల్ కవరు మీద అడ్రసు కనిపించింది. దాన్ని కదపకుండా ఫొటో తీసి, చూడ్డానికి వచ్చిన అధికారులకు ఉన్నచోటే చూపించాను. కవరు దొరికినంత మాత్రాన పోసింది వాళ్లేనని కాదు, ఆరా తీయడానికి ఒక దారి అంతే. తీరా చూస్తే ఆ ఇంట్లో బాత్రూమ్ కొత్తగా కట్టించుకున్నారు. "మేం డబ్బులిచ్చి తీయించేశామండీ" అన్నారు. ఎక్కడ పోస్తావని బండివాణ్ని అడగలేదట, రసీదూ తీసుకోలేదట. డంపింగ్ యార్డు రుసుము అతను మిగుల్చుకున్నాడు. అతనొక్కడిదే తప్పంటే మాత్రం నేనొప్పుకోను.

తీసే రోజు అసలు గొడవ సిమెంటు రేకులతో. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ అనే నారలాంటి ఖనిజం ఉండొచ్చు. పగిలితే కంటికి కనపడని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఏళ్ల తర్వాత క్యాన్సర్ రావచ్చు. పనివాళ్లు పలుగుతో పగలగొట్టి ట్రాక్టర్లోకి ఎత్తబోయారు. ఆపించి, అధికారిని పిలిపించాను. చివరికి శిక్షణ ఉన్నవాళ్లు మాస్కులతో వచ్చి, తడిపి, రేకులు రేకులుగానే మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి విడిగా తీసుకెళ్లారు. "తగలబెడితే పోలా?" అని ఒకాయన సలహా. అందులో పీవీసీ పైపులున్నాయి. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు లాంటి విషాలు గాల్లో కలుస్తాయి. ఇటుక, కాంక్రీటు విడిగా ఉంటే నలగ్గొట్టి రోడ్ల అడుగున వాడొచ్చు. పరుపులతో, తడి చెత్తతో కలిసిపోయాక అవీ పనికిరాకుండా పోయాయి.

ఖాళీ అయిన వెంటనే బండి వచ్చే దారికి అడ్డంగా పెద్ద బండరాళ్లు వేయించాం, వీధి దీపం బాగుచేయించాం. యజమానికి నోటీసు వెళ్లాక కంచె కూడా వేశాడు. ట్రాక్టర్లు ఆగాయి. కంచె మీంచి కవర్లు మాత్రం పడుతూనే ఉన్నాయి. వాటి మీద ఇంకో ఫిర్యాదు నడుస్తోంది.