రెండడుగుల గాజు తొట్టెకు ఎన్ని చేపలు?

మా ఇంటి ముందుగదిలోకి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టె తెచ్చుకున్నప్పుడు, చిన్న చేపలైతే పాతిక దాకా పడతాయని దుకాణంలో చెప్పారు. పడతాయన్న మాట నిజమే. తొట్టె శుభ్రంగా, నీటిలోకి గాలి ఊదే ఏరేటర్ ఆడుతూ, గది చల్లగా ఉన్నంతసేపు అవి తిరుగుతూనే ఉంటాయి. అయితే నెల్లూరులో ఉండేవారు లెక్క వేయవలసింది అలాంటి సమయానికి కాదని నా అభిప్రాయం. రోహిణి కార్తెలో రాత్రంతా గది వేడెక్కి ఉండి, తెల్లవారుజామున కరెంటు కూడా పోయినప్పుడు తొట్టె ఎన్ని ప్రాణాలను మోయగలదో, ఏడాది పొడవునా అన్ని చేపలే ఉంచాలి.

ముందు నీటి లెక్క చూద్దాం. తొట్టె కొలతల ప్రకారం దాదాపు 57 లీటర్లు పట్టాలి గానీ, పైన రెండంగుళాలు వదిలి, అడుగున గులకరాళ్లు పరిచాక నిజంగా ఉండే నీరు 42 లీటర్లకు మించదు. గ్యాలన్ నీటికి, అంటే సుమారు 3.8 లీటర్లకు, ఒక అంగుళం చేప అనేది అందరూ చెప్పుకునే పాత సూత్రం. ఆ లెక్కన మా తొట్టెకు అన్ని చేపల పొడవూ కలిపి పదకొండు అంగుళాలు సరిపోతాయి. ఈ సూత్రం అంగుళం, అంగుళంన్నర చేపల వరకు ఫరవాలేదు గానీ, పెద్ద చేపల దగ్గర పూర్తిగా తప్పుతుంది. చేప పొడవు రెట్టింపైతే దాని బరువు సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది, తినే మేత, వదిలే మలినం ఆ బరువును బట్టే పెరుగుతాయి. కాబట్టి ఐదంగుళాల గోల్డ్ ఫిష్ రెండు, అంగుళం గప్పీలు పది సమానమని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. దుకాణంలో రెండంగుళాలుండే ఆస్కార్, సక్కర్ చేపలు అడుగు దాకా పెరిగే జాతులు, అవి ఈ తొట్టెకు ఒక్కటి కూడా ఎక్కువే.

ఇక ప్రాణవాయువు సంగతి. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడికి చేప శరీరం మరింత వేగంగా పనిచేసి ఎక్కువ ఆక్సిజన్ కోరుతుంది. అంటే వేసవిలో రాబడి తగ్గి ఖర్చు పెరుగుతుంది. గాలి నీటిలోకి చేరేది పై ముఖం నుంచే గనుక, అవే లీటర్లు పట్టే ఎత్తయిన, సన్నని తొట్టె కంటే వెడల్పాటి తొట్టె ఎక్కువ చేపలను భరిస్తుంది. మొక్కలున్నాయి కదా అనుకోవడానికీ లేదు, చీకట్లో అవి కూడా ఆక్సిజన్‌ను వాడుకునేవే.

ఈ విషయం మన జిల్లాలో రొయ్యల గుంటల దగ్గర పెరిగినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. వెనామీ రకం రొయ్య పిల్లలను చదరపు మీటరుకు 60కి మించి వేయకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన ఉన్నా, ఏరేటర్లు, కరెంటు పోతే నడపడానికి డీజిల్ జనరేటర్ ఉన్నవారికే అంత చిక్కగా వేసే ధైర్యం ఉంటుంది. రాత్రి కాపలా ఉండేవారి కళ్లు తెల్లవారుజామునే నీటి మీద ఎక్కువగా ఉంటాయి, ఆక్సిజన్ అడుగంటేది అప్పుడే గనుక. ఇంట్లో తొట్టెకు జనరేటర్ పెట్టం, కాబట్టి ఏరేటర్ ఆగినా బతకగలిగినన్ని చేపలే ఉంచాలి. బ్యాటరీతో నడిచే చిన్న ఏరేటర్ దగ్గర పెట్టుకోవడం మంచిదే గానీ, దాన్ని చూసుకుని సంఖ్య పెంచకూడదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం అమ్మోనియా. చేపలు వదిలే అమ్మోనియాలో కొంత భాగమే విషపు రూపంలో ఉంటుంది, ఆ భాగం నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకెను, వేడిని బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అది నూటికి ఒకటి కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే నూటికి ఐదు దాటుతుంది. మా బోరు నీరు పరీక్ష పట్టీ మీద 8 దగ్గరే చూపిస్తుంది. అంటే పీహెచ్ 7 నీటిలో తొట్టె పెట్టుకున్నవారికి పెద్దగా హాని చేయని అమ్మోనియా, మా తొట్టెలో దాదాపు పది రెట్లు ప్రమాదకరం. వేడి ఆ భాగాన్ని ఇంకా పెంచుతుంది. ఫైటర్, గౌరామీ వంటివి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు కాబట్టి వాటిని ఎన్నైనా ఉంచవచ్చనేవారు ఈ సంగతి మరిచిపోతారు. ఊపిరి ఆడినంత మాత్రాన అమ్మోనియా వదిలిపెట్టదు.

అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందువల్ల చివరికి ఉంచదలచుకున్న సంఖ్యను మొదటి రోజే వేయకూడదు.

బోరు నీరు గట్టిది, అంటే లవణాలు ఎక్కువగా ఉన్నది కాబట్టి అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటికి అలవాటైన నియాన్ టెట్రాలను ఆశించకుండా, గట్టి నీటిలో హాయిగా ఉండే గప్పీలనే ఎంచుకున్నాను. సూత్రం ప్రకారం ఎనిమిది దాకా ఉంచవచ్చు, కానీ మా వేసవినీ, మా పీహెచ్‌నూ చూసి ఆరింటి దగ్గర ఆగాను. ముందు మూడు, స్పాంజి కుదురుకున్నాక మరో మూడు. ఆరూ మగవే. ఒక్క ఆడ గప్పీ కలిసినా నెలకోసారి పదుల సంఖ్యలో పిల్లలు పెడుతుంది, అప్పుడు ఎన్ని చేపలు ఉంచాలన్న ప్రశ్న మన చేతిలో ఉండదు. ఎక్కువైన చేపలను పెన్నాలోనో, స్వర్ణాల చెరువులోనో వదిలేయడం పరిష్కారం కాదు. అలా బయటి నీటిలో చేరిన సక్కర్ చేపలు మన రాష్ట్రంలో చేపల చెరువుల వారికి ఎంత తలనొప్పి అయ్యాయో చూస్తూనే ఉన్నాం.

సంఖ్య సరిపోయిందో లేదో చెప్పేది నైట్రేట్ పరీక్ష. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చే తొట్టెలో, మార్చే ముందు నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటుతుంటే చేపలైనా, మేతైనా ఎక్కువైనట్టే. అయితే ముందుగా బోరు నీటినే పరీక్షించుకోవాలి, ఎరువులు వేసే పొలాల దగ్గరి భూగర్భ జలాల్లో నైట్రేట్ ముందే ఉండవచ్చు. వేసవిలో ఆవిరైన మేరకు మళ్లీ బోరు నీరే పోస్తే, పోయేది నీరొక్కటే, లవణాలు మిగులుతాయి కాబట్టి గట్టిదనం వారం వారం పెరుగుతుంది. ఆ తగ్గిన నీటిని ఆర్వో నీటితో నింపి, వారానికోసారి మార్చే భాగానికే బోరు నీరు వాడుతున్నాను.

తొట్టె బోసిగా ఉంది, ఇంకో నాలుగు వేయరాదా అని ఇంటికి వచ్చినవారు అడుగుతూనే ఉన్నారు. కార్తీకంలో వేసిన చేపలు వైశాఖంలో కూడా ఆ నీటిలోనే ఉండాలి కదా అని చెప్పి, బోసితనం పోవడానికి ఒక మొద్దు, రెండు జావా ఫెర్న్ మొక్కలు పెట్టాను.