కప్తగత్ ఎర్రమట్టి దారిలో కిప్చోగే

కెన్యాలో ఎల్డొరెట్ నుంచి కప్తగత్ వైపు పాతిక ముప్పై కిలోమీటర్లు వెళ్తే, తారు రోడ్డు నుంచి ఎర్రమట్టి దారులు అడవిలోకి చీలిపోతాయి. గురువారం ఉదయం 6:40కి అలాంటి ఒక దారిలో నడుస్తున్నాం. ముందు ఒక బండి నెమ్మదిగా మమ్మల్ని దాటిపోయింది. దాని వెనకాలే మట్టి మీద మెత్తటి అడుగుల చప్పుడు. పాతికమంది దాకా ఉంటారు, ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా. గుంపు మధ్యలో మారథాన్ దిగ్గజం ఎలియూడ్ కిప్చోగే! ఎదురుగా దాటింది పది సెకన్లలోపే.

మేం వెళ్ళింది ఆయన కోసం కాదు, పరుగు శిక్షణకు పేరుపడ్డ ఇతెన్ ఊరు చూడడానికి. బస మాత్రం కప్తగత్ వైపు దొరికింది. కానీ ఆ దారి, ఆ వారం, ఆ వేళ కలిస్తే ఆయన కనబడే అవకాశం ఎందుకు ఉంటుందో తర్వాత తెలిసింది. కోచ్ పాట్రిక్ సాంగ్ (1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్ అనే అడ్డంకుల పరుగులో రజత విజేత) శిబిరం కప్తగత్‌లోనే ఉంది. వాళ్ళ వారం లెక్క ఏళ్ళ తరబడి పెద్దగా మారలేదు: మంగళవారం ట్రాక్, గురువారం 30 లేదా 40 కిలోమీటర్ల దూర పరుగు, శనివారం ఫార్ట్‌లెక్, అంటే వేగం పెంచుతూ తగ్గిస్తూ పరుగు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడవునా ఆరున్నర ప్రాంతంలోనే తెల్లవారుతుంది. ఆరింటికల్లా పరుగు మొదలవుతుంది. దారి మాత్రం వారం వారం మారొచ్చు, అందుకని ఫలానా మలుపులో నిలబడితే చాలని ఎవరూ చెప్పలేరు.

గుర్తుపట్టడం అనుకున్నంత తేలిక కాదు. అందరివీ ఇంచుమించు ఒకే తీరు దుస్తులు, సన్నని ఒళ్ళు. కిప్చోగే ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలే. ముఖం కోసం వెతికితే అందదు, పరుగు తీరు చూడాలి. తల పైకీ కిందికీ ఊగదు, భుజాలు బిగుసుకోవు, చేతివేళ్ళు వదులుగా ఉంటాయి. 2019 అక్టోబరు 12న వియన్నాలో 1:59:40లో మారథాన్ దూరాన్ని ముగించినప్పుడు చూసిన పరుగే, ఇక్కడ తెల్లారుజామున, మంచులో, ఏ చప్పట్లూ లేకుండా. ఆ పరుగు అధికారిక రికార్డు కాదు, వేగం పట్టి ఇచ్చే తోటి రన్నర్లు మధ్యమధ్యలో మారుతూ వచ్చారు కాబట్టి. 2022 బెర్లిన్‌లో 2:01:09 మాత్రం ప్రపంచ రికార్డే. మరుసటి ఏడు షికాగోలో కెల్విన్ కిప్టుమ్ 2:00:35తో దాన్ని దాటాడు. ఆ కిప్టుమ్ 2024 ఫిబ్రవరిలో ఇదే ఎల్డొరెట్-కప్తగత్ రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయాడు, 24 ఏళ్ళకే. ఆ రోడ్డు మీద వెళ్తుంటే ఆ సంగతి గుర్తు రాకుండా ఉండదు. రాత్రిపూట ఆ దారిన ప్రయాణం పెట్టుకోకండి.

ఫొటో ఆశ వదులుకోవడం మంచిది. కిలోమీటరుకు మూడున్నర నిమిషాల వేగం అనుకుంటే సెకనుకు దాదాపు ఐదు మీటర్లు. మసక వెలుతురులో ఫోను కెమెరా షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు తెరుచుకుని ఉందనుకుంటే, ఆ లోపే మనిషి దాదాపు ఆరంగుళాలు కదిలిపోతాడు. వచ్చేది మరకే. ఫ్లాష్ అసలు వద్దు, ఎగుడుదిగుడు దారిలో కళ్ళు చెదిరితే చీలమండ మెలిక పడుతుంది. చేయాల్సింది ఒకటే: దారి దిగి గట్టు మీద నిలబడడం. పక్కన పరుగెత్తబోవద్దు, పేరు పెట్టి పిలవొద్దు. అక్కడివాళ్ళ కలెంజిన్ భాషలో "చామ్‌గే" అని పలకరిస్తే చాలు. శిబిరం గేటు తట్టడం కూడా తగదు. అక్కడ కిప్చోగేతో సహా అందరూ వంతులవారీగా మరుగుదొడ్లు కడుగుతారు, మిగతా సమయం విశ్రాంతే. ముందు అనుమతి తీసుకున్నవాళ్ళే లోపలికి వెళ్ళాలి.

మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఎల్లో ఫీవర్ టీకా దగ్గర. కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్ళ దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. సూది వేయించుకున్న పది రోజులకు గాని అది చెల్లదు. ప్రయాణానికి వారం ముందు టీకా కోసం పరుగెత్తేవాళ్ళు అక్కడే దెబ్బతింటారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, అసలు పాస్‌పోర్టు తీసుకెళ్ళాలి. సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు పుస్తకంలో రాసిన పాస్‌పోర్టు నంబరు అక్కడే సరిచూసుకోండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కెన్యాకు వీసా బదులు ఇప్పుడు ఈటీఏ, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లోనే.

ముంబయి నుంచి నైరోబీ నేరుగా ఆరు గంటల ప్రయాణం. అక్కడి నుంచి ఎల్డొరెట్‌కు విమానంలో గంటలోపే, రోడ్డున 300 కిలోమీటర్ల పైమాటే. ఎల్డొరెట్ నుంచి ఇతెన్‌కు మటాటూలు, అంటే మన షేర్ వ్యాన్‌లు, నిండాకే కదులుతాయి.

ఇంకో చిక్కు టైముతో. అక్కడి స్వాహిలీ భాషలో గంటలు ఉదయం ఆరింటి నుంచి లెక్క. ఏడు గంటలను "సా మోజా", ఒకటో గంట అంటారు. పొద్దున్నే ఆరింటికి రమ్మని డ్రైవరుకు "సా సితా" అని చెప్తే ఆయన మధ్యాహ్నం పన్నెండుకు వస్తాడు. ఆరింటికి కావాలంటే "సా కుమి నా మ్బిలి" అనాలి, పన్నెండో గంట. పొద్దు పొడుపు నుంచి జాములు లెక్కపెట్టిన మనకు ఇది అర్థం కాని పద్ధతేమీ కాదు.

ఇతెన్, కప్తగత్ రెండూ దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. సముద్రమట్టంతో పోలిస్తే గాలి పీడనం నాలుగో వంతు తక్కువ. మొదటి రెండు రోజులు నడకతోనే సరిపెట్టుకోవాలి, నీళ్ళు బాగా తాగాలి. మేడ మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, అది జబ్బు కాదు. తెల్లవారుజామున స్వెటర్ కావాలి. మార్చి-మే వానల్లో ఎర్రమట్టి బూట్లకు అట్టలా అంటుకుని ఒక్కో కాలు బరువెక్కుతుంది. ఆ మట్టి దారిని అక్కడివాళ్ళు "మర్రం" అంటారు. మన మొరం మాటే చెవిన పడ్డట్టుంటుంది. తిండికి ఉగాలి ఉంటుంది, మొక్కజొన్న పిండితో చేసిన మన సంకటే అనుకోవచ్చు. పక్కన సుకుమా వికి అనే ఆకుకూర. శాకాహారులకు ఇబ్బంది లేదు, కూర మాంసం రసంలో వండలేదు కదా అని మాత్రం అడగాలి.

ఇతెన్‌లో గురువారం ఉదయం తొమ్మిదింటికి వందమందికి పైగా కలిసి చేసే ఫార్ట్‌లెక్ మొదలవుతుంది. కప్తగత్ నుంచి ఎల్డొరెట్ మీదుగా రెండు గంటలు పడుతుంది, ఏడు దాటకుండా బయల్దేరితేనే అందుతుంది. మేం బయల్దేరింది ఏడున్నరకు. గుంపు పోయిన వైపే చూస్తూ గట్టు మీద చాలాసేపు ఉండిపోయాం.