పూసలు తిప్పాను, మాట కలపలేదు

మా పేటలో గుళ్ళు రెండు, సమాధుల దొడ్డి మాత్రం ఒక్కటే. భీమవరం, పాలకొల్లు నడుమ కాలువ గట్టును ఆనుకొని ఉన్న ఆ దొడ్డిలో ఆర్.సి.ఎం. వాళ్ళు, అంటే రోమన్ క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవారైన లూథరన్లు ఎవరి వరుసలో వారు కాక, స్థలం దొరికిన చోటల్లా పక్కపక్కనే పడుకొని ఉన్నారు. నేను లూథరన్ ఇంట పుట్టినవాణ్ణి. మా నాన్నగారు సంఘ పెద్దగా ఉండేవారు. నా భార్యది ఆర్.సి.ఎం. కుటుంబం. ఆమె అన్నగారు, అంటే మా బావగారు, వాళ్ళ గుడిలో ఉపదేశి. విచారణ, అంటే ఒక ఫాదరుగారి కింద ఉండే ఊళ్ళ పరిధి, పెద్దదై ఆయన ప్రతి ఆదివారం రాలేనప్పుడు ప్రార్థన నడిపించేది బావగారే. ఇరవై రెండేళ్ళుగా మా ఇంటి అరుగు మీద, సాయంకాలం టీ తాగింది మొదలు దోమలు లోపలికి తరిమేదాకా, ఆయనా నేనూ వాదించుకుంటూనే ఉన్నాము. ఇన్నేళ్ళలో ఒకరి మనసు ఒకరం మార్చలేదు, మాటలు మానుకున్నదీ లేదు. ఊళ్ళో మిగతావారికి మా తేడాలు పట్టవు. వారి లెక్కలో మేమంతా ఒకటే, కిరస్తానీలము.

ఇన్నేళ్ళ వాదనలో నాకు తెలిసివచ్చిన సంగతి ఏమిటంటే, మా తగవులో సగం సిద్ధాంతానికి సంబంధించినది కాదు, తెలుగుకు సంబంధించినది. మేము బాప్తిస్మమంటాము, వారు జ్ఞానస్నానమంటారు. మాకు పరిశుద్ధాత్మ, వారికి పవిత్రాత్మ. మేము ఆరాధనకు వెళ్తాము, వారు పూజకు వెళ్తారు. ఈ ‘పూజ’ అనే మాట ఒక్కటి ఎంత అపార్థానికి కారణమయిందో చెప్పలేను. మా అమ్మ, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఆదివారం పొద్దున్నే “పూజకు వెళ్ళొస్తానండి అత్తయ్యగారూ” అన్నప్పుడు, ఏ విగ్రహానికి కొబ్బరికాయ కొట్టబోతున్నదో అని హడలిపోయింది. దివ్యబలిపూజ అంటే వాక్యపఠనం, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, రొట్టె, ద్రాక్షారసం అని, అంటే మా గుడిలో సంస్కారపు ఆదివారం జరిగే ఆరాధన క్రమానికి చాలావరకు అదే వరుస అని, ఆమె స్వయంగా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చొని చూసిన తరువాతగాని నమ్మలేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థన దగ్గర కూడా ఇదే కథ. మేము “నీ నామము పరిశుద్ధపరచబడుగాక” అంటే, వారు “మీ నామము పూజింపబడునుగాక” అంటారు. మేము “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అని అడిగితే, వారు “నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి” అని అడుగుతారు. “తిట్టినా అండీ అని తిట్టే గోదావరి జిల్లాలో పుట్టి, కన్నతండ్రిని మీరు అని పిలుస్తూ, పరలోకపు తండ్రిని పట్టుకొని నువ్వు అంటారేమిటండీ?” అని బావగారు నన్ను ఎద్దేవా చేస్తూ ఉంటారు. అమ్మను ఎవరూ మీరు అనరనీ, మన భజన పాటలన్నీ దేవుణ్ణి నువ్వు అనే పిలుస్తాయనీ నేను జవాబు చెబుతాను. నిజం చెప్పాలంటే, ‘అన్నము’ అన్న వారి మాట నాకు మా ‘అనుదినాహారము’ కంటె ఎక్కువ ఇష్టం. వరిచేల మధ్య బతికేవాడు దేవుణ్ణి ఆహారం అడగడు, అన్నమే అడుగుతాడు. ఇది నేను బావగారి ముందు ఒప్పుకొన్నది ఒక్కసారే. ఆయన దాన్ని ఈనాటికీ మరిచిపోలేదు.

మాటల తేడాను సిద్ధాంతపు తేడాగా చూపించి లాభం పొందేవారు రెండు వైపులా ఉన్నారు. కొన్నేళ్ళ క్రితం మా దగ్గరి ఊళ్ళో జరిగిన ఉజ్జీవ సభలో ఒక ప్రసంగీకుడు, విగ్రహాలను నిషేధించే రెండవ ఆజ్ఞను క్యాథలిక్కులు పది ఆజ్ఞల్లోంచి తీసిపారేశారని మైకులో గట్టిగా చెప్పాడు. నా పక్కన కూర్చున్న నా భార్య మారుమాటాడకుండా చెప్పులు వేసుకొని ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. నేను కూర్చొనే ఉన్నాను. అది ఈనాటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే, ఆ మాట తప్పని నాకు ఆ క్షణానే తెలుసు. ఆ వాక్యం వారి బైబిలులో చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని వారు మొదటి ఆజ్ఞలో భాగంగా లెక్కించి, పరుని భార్యను ఆశించరాదన్న దానిని, పరుని సొత్తును ఆశించరాదన్న దానిని రెండు ఆజ్ఞలుగా విడదీస్తారు. ఇంకా విచిత్రమేమిటంటే, మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరు 1529లో పిల్లల కోసం రాసిన చిన్న ప్రశ్నోత్తరిలోని లెక్క కూడా దాదాపు ఇదే పద్ధతిలో ఉంటుంది. వారిని దొంగలంటే మేమూ దొంగలమే కావాలి.

అటు వైపు మాటా చెప్పాలి. మా పెళ్ళి మాటలప్పుడు అత్తవారి తరఫు పెద్దమనిషి ఒకరు, “లూథరు పెళ్ళాడటం కోసం పెట్టుకున్న మతం కదా మీది” అని నవ్వారు. లూథరు తన 95 వాదాంశాలను వెల్లడించినది 1517లో. ఒకప్పుడు సన్యాసి అయిన ఆయన కాతరీనా ఫాన్ బోరాను పెళ్ళాడినది 1525లో. పెళ్ళి కోసం ఎనిమిదేళ్ళ ముందు నుంచి పోపుతోను చక్రవర్తితోను పోరాడి, ప్రాణం మీదికి తెచ్చుకొనే పెళ్ళికొడుకు ఎక్కడైనా ఉంటాడా? ఆ రోజు ఆయనకు జవాబు చెప్పినది నేను కాదు, బావగారు. మా స్నేహం అక్కడే మొదలయింది.

మాటల పొట్టు ఇలా చెరిగిపోయాక గింజ మిగులుతుంది. అసలు భేదాలు ఉన్నాయి, అవి చిన్నవి కావు. “అందరూ ఒక్క ప్రభువునే కొలుస్తున్నాము కదా, ఇక తేడాలెందుకు” అని భుజం తట్టేవారిని చూస్తే నాకు చిరాకు. వారు ఇద్దరినీ గౌరవిస్తున్నామనుకుంటారు గాని, ఇద్దరిలో ఒక్కరి నమ్మకాన్నీ పట్టించుకోరు.

చాలా దూరం కలిసి నడవవచ్చునన్నది మాత్రం నిజమే. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడుగా తీర్చబడేది దేనివల్ల అన్న ప్రశ్న మీదనే పదహారవ శతాబ్దంలో చీలిక వచ్చింది. ఆ ప్రశ్న మీదనే 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో క్యాథలిక్ సభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత ఏమీ లేకుండానే, కేవలం కృపచేత, క్రీస్తు చేసిన రక్షణ కార్యం మీది విశ్వాసంచేత దేవుడు మనలను అంగీకరిస్తాడన్నది అందులోని సారాంశం. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాల సమాఖ్య కూడా దానితో ఏకీభవించారు. నేను ఆ వాక్యాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసి, ఎవరిదో చెప్పకుండా బావగారికి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివి, “ఇది మా ఫాదరుగారు చెప్పేదే కదండీ, ఇందులో కొత్తేముంది?” అన్నారు. మా పాస్టరుగారు చెప్పేదీ అదేనని నేను అన్నాను. 1927లో ఏర్పడిన మా ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలే కాబట్టి, ఆ సంతకంలో మా వంతు కూడా ఉంది. అయినా మా ప్రసంగ వేదిక మీద నుంచి ఆ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. తగవు కబురు ఊరూరా తిరిగినంత త్వరగా రాజీ కబురు తిరగదు.

ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకొనే చోట మాత్రం ఇంకా విడిగానే ఉన్నాము. వారి గుడిలో పెళ్ళి పూజలోగాని, సంవత్సరీకపు పూజలోగాని సత్ప్రసాదం కోసం, అంటే ఆ రొట్టె కోసం, నా భార్యా, పిల్లలూ లేచి వరుసలో నిలబడితే, నేను బల్ల మీద ఒక్కణ్ణే కూర్చొని ఉంటాను. నన్ను ఎవరూ చిన్నచూపు చూడరు, కాని ఆ నాలుగు నిమిషాలు చాలా పొడుగ్గా ఉంటాయి. రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందని నమ్మడంలో మేము మిగతా ప్రొటెస్టెంట్లకంటె వారికే దగ్గర. 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో, అది కేవలం జ్ఞాపకార్థమన్న స్విట్జర్లాండు సంస్కర్త జ్వింగ్లీతో వాదిస్తూ లూథరు బల్ల మీద సుద్దముక్కతో “ఇది నా శరీరము” అని లాటినులో రాసి కూర్చున్నాడు గదా. నరసాపురం వైపు వెళ్తే, 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరల నాటి నుంచి నాటుకున్న బ్రదరన్ సంఘాలలో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, వారికది జ్ఞాపకార్థం. అంతేకాదు, పసితనంలో నాకు ఇచ్చిన బాప్తిస్మాన్ని వారు ఒప్పుకోరు, క్యాథలిక్కులు ఒప్పుకుంటారు. ప్రొటెస్టెంట్లమని ఒకే గాటన కట్టేసుకోవడం ఎంత కష్టమో ఇక్కడే తెలుస్తుంది. అయినా సత్ప్రసాదం నాకు పెట్టమని నేను అడగలేదు. ఆ వరుసలో నిలబడటమంటే, బిషప్పులతో, రోములోని పోపుగారితో సంపూర్ణ ఐక్యతలో ఉన్నానని చెప్పడమని వారంటారు. నేను ఆ ఐక్యతలో లేను. లేనివాణ్ణి ఉన్నట్టు నిలబడటం వారికీ అగౌరవమే, నాకూ అగౌరవమే.

పిల్లల సంగతి ఇంతకంటె కష్టపెట్టింది. పిల్లలను తన విశ్వాసంలో పెంచటానికి చేతనైనంతా చేస్తానని క్యాథలిక్ పక్షం పెళ్ళికి ముందే మాట ఇవ్వాలి; ఆ మాట ఇచ్చినట్లు రెండవ పక్షానికి తెలియజేయాలి. నా భార్య సంతకం చేసిన ఆ కాగితాన్ని మా నాన్నగారు రెండేళ్ళు మనసులో పెట్టుకొని బాధపడ్డారు. దాని గురించి ఇంతకంటె రాయను.

ఇక మరియమ్మగారి విషయం. ఆరాధన దేవునికే, ఆమెకు గౌరవమే అని బావగారు చెప్పినప్పుడు నేను నమ్ముతాను. ఆయన ఏమి నమ్ముతున్నదీ నాకంటె ఆయనకు బాగా తెలుసు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళలో తలనీలాలు, కొబ్బరికాయలు చూపించి ఇదేమిటని అడిగితే, అవి తమ ఉపదేశంలోనివి కావనీ, ఈ నేల ఆచారమనీ, మొక్కుకున్న మనిషి కన్నీళ్ళను మాత్రం తాను తప్పు పట్టలేననీ అన్నారు. ఆ జవాబు నాకు సగమే ఆనింది. చనిపోయిన పరిశుద్ధులను మన కోసం ప్రార్థించమని అడగటానికి నాకు బైబిలులో ఆధారం కనబడలేదు, కాబట్టి అడగను. ఇరవై రెండేళ్ళ కిందట అన్న మాటే ఇప్పుడూ అంటున్నాను.

ఆ మాటకు పరీక్ష మా అత్తగారి మంచం దగ్గర ఎదురయింది. పన్నెండేళ్ళ క్రితం పక్షవాతంతో ఆమె కుడిచెయ్యి పడిపోయింది, ఎడమ చేతికి పట్టు లేదు. చివరి వారంలో ఒక రాత్రి, ఇంట్లో అందరూ అలసి నిద్రపోయిన వేళ, ఆమె నన్ను పిలిచి జపమాల చూపించారు. పూస పూసకూ ఒక ప్రార్థన చెప్పుకోవాలి, వేళ్ళు కదలటం లేదు. మొత్తం 59 పూసలు. నేను ఆ మాల నా చేతిలోకి తీసుకొని, ఆమె పెదవులు ఆగినప్పుడల్లా ఒక పూస జరిపాను. “ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి” అన్న చోట ప్రతిసారీ ఆమె గొంతు కాస్త పెగిలేది. చెక్కపూసలు ఏళ్ళ తరబడి చేతి చెమటకు నున్నగా అరిగి, గింజల్లా జారుతున్నాయి. పూసలు తిప్పాను గాని, మాట కలపలేదు. అంతా అయ్యాక ఆమె నా వైపు చూసి, “ఇక మీది చదవండి బాబూ” అన్నారు. నేను “యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు” అని 23వ కీర్తన మొదలుపెట్టాను. అది పూర్తయ్యేలోపే ఆమె నిద్రలోకి జారుకున్నారు.

గుమ్మంలో బావగారు నిలబడి అంతా చూశారట. నాకు తెలియదు. పెద్దకర్మ దాటిన తరువాత ఒకరోజు అరుగు మీద అడిగారు: “పూసలు తిప్పారు గదా, నోరు కదపలేదేం?” పూసలు జరపటం ఆమె చేతికి బదులు నా చెయ్యి ఇవ్వడమనీ, నమ్మని మాట పలికితే చనిపోబోతున్న మనిషి దగ్గర అబద్ధమాడినట్లవుతుందనీ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “పలికి ఉంటే నాకు కోపం వచ్చేది” అన్నారు.

నవంబరు 2న సమాధుల పండుగ. తుపాను వానలకు గట్టు బురదయి ఉంటుంది, పక్కన సార్వా చేలు కంకులు వంచి ఉంటాయి. రెండు గుళ్ళ వాళ్ళమూ సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. కాలువ మీది గాలికి ఆరిపోకుండా కొబ్బరి చిప్పల్లో నిలబెడతాము. బావగారు వాళ్ళమ్మ ఆత్మకు నిత్య విశ్రాంతి దయచేయమని వేడుకుంటారు. నేను ఆ ప్రార్థనకు ఆమెన్ చెప్పను. చనిపోయినవారు ఇప్పటికే దేవుని చేతిలో ఉన్నారని, మనం అడగవలసింది ఏమీ మిగల్లేదని మాకు నేర్పారు. నేను ఆమె బతుకు కోసం కృతజ్ఞతాస్తుతి మాత్రమే చేస్తాను. దానికి ఆయన ఆమెన్ చెబుతారు. ఏటేటా ఇదే వరుస.

మొన్నటి పండుగనాడు చీకటి పడ్డాక గట్టు మీద తిరిగి వస్తూ, మృతుల కోసం ప్రార్థించడం మంచిదని మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో స్పష్టంగా ఉందని ఆయన పాత వాదం మళ్ళీ ఎత్తుకున్నారు. అలవాటు ప్రకారం నేనూ పాత జవాబే చెప్పాను: “మాది 66 పుస్తకాల బైబిలు బావగారూ, ఆ గ్రంథం మా ఇంట్లో లేదు.”

“ఉంది,” అన్నారాయన. “పొద్దున టీకి వచ్చినప్పుడు మాది మీ అరుగు మీద పెట్టి వచ్చాను. పేజీలో గుర్తుకు అమ్మ జపమాల ఉంటుంది, జారిపోనివ్వకండి.”