తడి పొరను ఎండబెట్టి కొలిచారు

హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్ కోసం నేను చేసిన పాలిమర్ పొర ప్రోటాన్లను బాగానే మోస్తుందని ఎట్టకేలకు తేలింది. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే రాసి పెడుతున్నాను.

తయారీలో పెద్ద ఇబ్బంది లేదు. పాలీఈథర్ ఈథర్ కీటోన్ అనే ప్లాస్టిక్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి, మంచునీళ్లలో పోసి, ఆమ్లం పోయేదాకా కడిగి ఆరబెట్టాను. తర్వాత ద్రావణిలో కరిగించి గాజు పలక మీద పొరగా పోశాను. ఆ ఆమ్లం వల్ల పాలిమర్‌కు అతుక్కునే సల్ఫోనిక్ సమూహాలు మితిమీరితే పొర వేడినీళ్లలో ఉబ్బి కరిగిపోతుంది, చాలకపోతే ప్రోటాన్లు కదలవు. ఉప్పునీళ్లలో నానబెట్టి బయటికొచ్చిన ఆమ్లాన్ని టైట్రేషన్‌తో కొలిస్తే ఆ పాళ్లు తెలుస్తాయి.

నన్ను ఏడిపించింది వాహకత పరీక్ష, అంటే పొర ప్రోటాన్లను ఎంత బాగా మోస్తుందో చూడడం. దానికి కావలసిన ఇంపెడెన్స్ యంత్రం మా దగ్గర లేదు, పరికరాల కేంద్రానికి పంపాలి. పొరను నీళ్లలో ఉంచి, తడిగానే కొలవాలని సీసా మీద రాసి మరీ పంపాను. వాళ్లు దాన్ని తుడిచి, ఓవెన్‌లో ఎండబెట్టి కొలిచారు! వాహకత దాదాపు లేదని నివేదిక వచ్చింది. సమీక్షా సమావేశంలో ఆ కాగితాన్ని తెర మీద చూపించి, ఇది ఉత్త ప్లాస్టిక్ రేకు అన్నారు. అందరూ నా వైపే చూశారు. సల్ఫోనిక్ సమూహం నుంచి విడివడిన ప్రోటాన్ నీటి అణువుల మీదుగానే ప్రయాణిస్తుందని, నీరు లేకపోతే దానికి దారే ఉండదని చెప్పబోయాను. "యంత్రం అబద్ధం చెబుతుందా?" అని ఒక పెద్దాయన నోరు మూయించారు. ఎండిన పొరను ఇస్తే యంత్రం ఎండిన పొర సంగతే చెబుతుంది. ఈ పాటి రసాయనశాస్త్రం తెలియనివారు తీర్పులు చెప్పకూడదు.

తర్వాత నాఫియాన్ అనే పేరున్న పొర ముక్కను కూడా తీసుకుని స్వయంగా వెళ్లాను. 1960లలో డ్యూపాంట్‌లో పుట్టిన ఆ పొరనే ఈనాటికీ అందరూ కొలబద్దగా వాడుతున్నారు. తడిగా, 80 డిగ్రీల వేడిలో దాని వాహకత సెంటీమీటరుకు సుమారు 0.1 సీమెన్స్. ముందు వాళ్ల పద్ధతిలోనే కొలవమన్నాను. ఎండబెట్టిన నాఫియాన్ కూడా చతికిలపడింది. అప్పుడు రెండింటినీ వేడినీళ్లలో, నాలుగు ఎలక్ట్రోడ్ల అమరికలో కొలిపించాను. నా పొర నాఫియాన్‌కు దగ్గరగా వచ్చింది. ఆ అంకెను నేను గర్వంగానే చెప్పుకుంటాను.

మీరు పొరను ఎక్కడికి పంపినా నాఫియాన్ ముక్కను జతచేయండి. ఉష్ణోగ్రత, తేమ రాయని నివేదికను తీసుకోకండి. వీలైతే పక్కనే నిలబడి కొలిపించుకోండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇనుప అయాన్లతో మన్నిక పరీక్ష ఇంకా మిగిలి ఉంది. ఈ రకం పొరలకు అసలు గండం అక్కడే. పాత నివేదికను రద్దు చేయమని మాత్రం ఈ రోజే లిఖితపూర్వకంగా అడిగాను.