మెట్లెన్ని?

"బస్సు దిగినంక ఎన్ని మెట్లెక్కాలె బిడ్డా?"

సాయంత్రం మెహదీపట్నం రైతుబజార్లో మా బస్టాండు-కమ్-మార్కెట్ డ్రాయింగు చూపిస్తే, గోంగూర అమ్మే పెద్దమ్మ అడిగింది ఇదొక్కటే. పైన సోలార్ పలకలు, గోడల నిండా తీగలు. వాటివైపు కన్నెత్తి చూడలేదు.

తడి గోనెపట్టా ఎత్తి చూపించింది. నడుమ కట్టలు పచ్చగానే ఉన్నాయి. పడమటి ఎండ తగిలిన అంచున మాత్రం ఆకు తలవేలేసింది. "ఈడ నీడ పెట్టుండ్రి సాలు."

చెత్త సంగతి నాకంత బెంగ లేదు. బోయినపల్లి మార్కెట్లో రోజుకు 10 టన్నుల దాకా కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు తీసి చూపించారు కదా. అసలు చిక్కు మెట్ల దగ్గరే. కింద బస్సులు, పైన కూరగాయలు అంటే కాగితం మీద భలే ఉంటుంది. గంప నెత్తిన పెట్టుకుని ఎక్కేదెవరు? రెండు కట్టల కొత్తిమీర కోసం బస్సు వదులుకుని పైకొచ్చేదెవరు?

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో వార్విక్ జంక్షన్ చూడండి. రైళ్లు, బస్సులు, మినీబస్ టాక్సీలు కలిసేచోటే బజార్లు, జనం నడిచే దారిలోనే. అక్కడి ఎర్లీ మార్నింగ్ మార్కెట్ 1910 నాటిది. మన దేశం నుంచి చెరకు తోటలకు వెళ్లిన కూలీల పిల్లలూ మనవలూ అమ్ముకున్న చోటు. 2009లో తీసేసి మాల్ కడతామంటే అమ్మేవాళ్లే అడ్డం నిలబడి ఆపారు.

సోమవారం మీటింగులో కూరగాయలు కిందికి, ఫుడ్‌కోర్టు పైకి అంటాను. అద్దె లెక్కలు తీస్తారు, తెలుసు. తీయనీ.