బల్ల మీదికి చేరిన మఫ్లర్

మా పెద్దక్క కూతురు పెళ్లి చేసుకుని అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్లిన మొదటి చలికాలంలో, నేను స్వయంగా అల్లిన ఊలు మఫ్లర్ ఒకటి పంపించాను. అందిన రోజున "ఎంత బాగుందో పిన్నీ" అని వీడియో కాల్‌లో మురిసిపోయింది కానీ, ఆ తరువాత రెండేళ్లపాటు పంపిన ఫొటోల్లో ఒక్కదానిలోనూ అది ఆమె మెడలో కనిపించలేదు. మూడో ఏట నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆ మఫ్లర్ భోజనాల బల్ల నడుమ, పూలకూజా కింద, అంచులు సరిచేసి మరీ పరచి ఉంది. నన్ను చూసి అమ్మాయి కంగారుగా తీయబోతే వద్దన్నాను. చేత్తో తడిమి చూసినప్పుడే నాకు సంగతి బోధపడింది. నేను అల్లినది మెడకు చుట్టుకునే వస్త్రం కాదు, నరసాపురం లేసు బల్లగుడ్డ. నూలు దారం ఉండవలసిన చోట ఊలు ఉన్నదంతే.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో పాలకొల్లు పక్కన ఒక పల్లె. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు ఆడవారికి నేర్పిన క్రోషియా, అంటే ఒకే కొక్కెం సూదితో చేసే అల్లిక, క్రమంగా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకి, విదేశాలకు ఎగుమతి అయ్యే వ్యాపారంగా మారింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. మా అమ్మమ్మ కాలంలో ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, అల్లినది పట్టుకుపోయేవాడు. ఒక ఇంట్లో పువ్వులు అల్లితే మరొక ఇంట్లో వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేసేవారు, దానిని అతుకుపని అనేవారు. జీవితమంతా లేసు అల్లిన అమ్మమ్మ ఇంట్లో లేసు గుడ్డ ఒక్కటి కూడా ఉండేది కాదన్న విషయం నాకు పెద్దయ్యాక గాని తట్టలేదు. ఏజెంటు లెక్కకు అందకుండా మిగిలిన కాస్త దారంతో నా పరికిణీకి ఒకసారి అంచు అల్లిపెట్టింది. ఆమె చేతి అల్లికలో కానుకగా ఇచ్చినది, నాకు తెలిసినంతలో, అదొక్కటే.

నా చేతికి వచ్చినది ఆ పనే. లేసు అల్లేవారు సన్నని నూలు దారాన్ని వేలికి బిగించి, సన్నని కొక్కెం సూదితో ప్రతి కుట్టునూ లాగి కూర్చుతారు, ఎందుకంటే పువ్వు రేకు పువ్వు రేకులాగే నిలబడాలి, ఉతికి గంజి పెట్టినా ఆకారం చెడకూడదు. మఫ్లర్‌కు కావలసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఊలులో వెచ్చదనమంతా పోగుల మధ్య చిక్కుకుని నిలిచే గాలి వల్ల వస్తుంది. బిగించి అల్లితే ఆ గాలికి చోటు ఉండదు, పైగా వస్త్రం అట్టముక్కలా నిలబడుతుందే తప్ప మెడ చుట్టూ ఒదగదు. ఊలు ఉండ మీది కాగితంలో నాలుగు మిల్లీమీటర్ల మందం సూది వాడమని ఉన్నా, లేసు అలవాటున్న చేతులవారు మఫ్లర్‌కు నిస్సంకోచంగా అయిదున్నర గాని ఆరు గాని పట్టుకోవాలని నా అభిప్రాయం. చేతి బిగువు ముప్పయ్యేళ్ల అలవాటు, అది ఒకపట్టాన మారేది కాదు కనుక సూదినే మార్చుకోవాలి.

రెండు సూదులతో అల్లడం మాత్రం మావారి ఉద్యోగరీత్యా ఢిల్లీలో ఉన్న నాలుగేళ్లలో, పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర నేర్చుకున్నాను. డిసెంబరు ఎండకు మేడ మీద చాప పరుచుకుని కూర్చుని, లుధియానా ఊలు ఉండను ఒడిలో పెట్టుకుని, కళ్లు పిల్లల మీద ఉంచి చేతులతో స్వెట్టరు అల్లే ఆవిడను చూసి నేను ఆశ్చర్యపోయేదాన్ని. సూది మీద ఉండే ఒక్కొక్క కన్నును ఆవిడ ఫందా అనేది, ముందునుంచి తీసే కుట్టు సీధా, వెనకనుంచి తీసేది ఉల్టా. ఇన్నేళ్లయినా మనసులో లెక్క పెట్టుకునేటప్పుడు నాకు ఆ మాటలే వస్తాయి. ఒకవైపు అంతా సీధా, మరొకవైపు అంతా ఉల్టా వచ్చేలా అల్లిన బట్ట నున్నగా, బజారు స్వెట్టరులా కనిపిస్తుంది కనుక కొత్తగా నేర్చుకున్నవారు మఫ్లర్‌ను కూడా అలాగే మొదలుపెడతారు, కానీ దాని అంచులు రెండు పక్కలా లోపలికి చుట్టుకుని కడకు గొట్టంలా తయారవుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా అది మళ్లీ చుట్టుకుంటూనే ఉంటుంది. ప్రతి వరుసా సీధాగానే అల్లితే రెండువైపులా ఒకేలా ఉండి, మందంగా, చదునుగా వస్తుంది. కానుకగా ఇచ్చే తొలి మఫ్లర్‌కు అంతకంటె మంచి పద్ధతి నాకు తెలియదు. వెడల్పు ఒక జానెడు, పొడవు సుమారుగా వేసుకునే మనిషి ఎత్తు అనుకుంటే సరిపోతుంది.

మఫ్లర్ కొంచెం అటూ ఇటూ అయినా చెల్లిపోతుంది గాని టోపీ అలా కాదు, అది మనిషి తలకు పట్టాలి. అల్లేముందు అదే ఊలుతో, అదే సూదులతో ఒక చిన్న చదరం అల్లి, పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టుకోవడం వృథా శ్రమ అని నేను చాలాకాలం అనుకున్నాను, మూడు టోపీలు విప్పిన తరువాత అలా అనుకోవడం మానుకున్నాను. ఉదాహరణకు పది సెంటీమీటర్లకు ఇరవై కుట్లు వచ్చాయనుకుందాం, అంటే సెంటీమీటరుకు రెండు. తల చుట్టుకొలత 55 సెంటీమీటర్లయితే టోపీని 50కే అల్లాలి, ఎందుకంటే అది సాగి తలను పట్టుకుని ఉండాలి గాని వదులుగా కళ్ల మీదికి జారకూడదు. ఆ లెక్కన నూరు కుట్లు. రెండు సీధా, రెండు ఉల్టా చొప్పున అంచు పట్టీ అల్లితే నూరు నాలుగుతో భాగించబడుతుంది కనుక ఇబ్బంది లేదు, పైన తగ్గించేటప్పుడు పది భాగాలు చేసుకుంటే అదీ సరిగ్గా కుదురుతుంది. ఎత్తు పదిహేను, పదహారు సెంటీమీటర్లు వచ్చాక ఒక వరుస విడిచి ఒక వరుసలో ఒక్కో భాగానికి ఒక్కో కుట్టు తగ్గిస్తూ పోయి, చివరకు మిగిలిన కుట్లలోంచి దారం దూర్చి లాగి ముడివేయడమే.

క్రోషియాతోనూ టోపీ అల్లవచ్చు, పని త్వరగా అవుతుంది కానీ ఊలు ఎక్కువ తింటుంది, సాగడమూ తక్కువ. పైగా పుస్తకంలో చూసి అల్లేవారికి ఒక చిక్కు ఉంది. అమెరికా వారు సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటన్ వారు డబుల్ క్రోషే అంటారు. వీడియోలు చూసి అమెరికా పేర్లు నేర్చుకున్న నేను, బ్రిటన్‌లో అచ్చయిన ఒక చిన్న పుస్తకం పట్టుకుని డబుల్ అన్నచోటల్లా అమెరికా డబుల్ అల్లుకుంటూ పోతే, పసిపిల్లకు అనుకున్న టోపీ కొబ్బరికాయ పీచు తీయకుండా పట్టేంత బుట్టగా తేలింది. (ఇప్పుడు అందులో మిగులు ఊలు ఉండలు పెట్టుకుంటున్నాను.)

పసిపిల్లల సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. నెలల బిడ్డలకు మెడ కింద కట్టే తాళ్లూ, ఊడిపోయే గుండీలూ, ఊలు బంతులూ పెట్టకూడదు. చేతి తొడుగుల్లో లోపలివైపు దారపు కొసలు వదిలితే ఆ చిట్టి వేళ్లకు చుట్టుకుపోతాయి. లేసులా కంతలున్న అల్లిక చూడడానికి ముచ్చటగా ఉన్నా, అదే కారణం చేత నేను తొడుగులకు వాడను.

ఏ ఊలుతో అల్లాలన్నది ఇచ్చేవారి ఇష్టం కాదని కూడా ఆ మఫ్లర్ దగ్గరే నేర్చుకున్నాను. అసలైన గొర్రె ఉన్ని వేడినీటిలో మెషీన్‌లో తిరిగితే, పోగుల మీద ఉండే పొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని, పెద్దవారి టోపీ బొమ్మ టోపీగా ముడుచుకుంటుంది, అది మళ్లీ సాగదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో ఒక్క టోపీ కోసం చన్నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరవేస్తారనుకోవడం మన అత్యాశ. అటువంటివారికి అక్రిలిక్ అనే కృత్రిమ ఊలే మేలు, కాకపోతే అది నిప్పుకు కరుగుతుంది కనుక వంట దగ్గర వేసుకోవద్దని ఒక మాట చెప్పాలి. కొందరికి గొర్రె ఉన్ని మెడకు తగిలితే దురద. అవన్నీ ముందే అడిగేస్తాను, ఆశ్చర్యపరచాలన్న సరదా నాకు లేదు. మన ఊళ్లలో ఉన్నవారికైతే ఊలు దేనికి? నూలు దారంతో నీళ్ల సీసా సంచులు, సెల్‌ఫోన్ సంచులు, ఆడపిల్లలకు జడ రబ్బర్లు అల్లి ఇస్తాను, అవి ఒక సాయంత్రం పని.

ఇంత బాగా అల్లుతావు కదా, ఆర్డర్లు తీసుకోరాదా అని నన్ను అడిగేవారున్నారు. తీసుకోను. ఒక టోపీకి నాకు మూడు సాయంత్రాలు పడుతుంది, ఆ గంటలకు ధర కట్టడం మొదలుపెడితే దారం తూచి ఇచ్చే ఏజెంటు మళ్లీ మా గుమ్మంలో నిలబడినట్టుంటుంది.

ఆ ఏడాది మిన్నెసోటాలో ఉన్న నెల రోజుల్లో ఆరు మిల్లీమీటర్ల సూదులతో అమ్మాయికి మరొక మఫ్లర్ అల్లాను. అది మెడలోనే ఉంటున్నది. పాతది బల్ల మీదనే ఉండనిమ్మన్నాను, ఒక లేసు గుడ్డ మా ఇంట్లోవారి బల్ల మీద ఉండడం అదే మొదటిసారి. నిన్న రాత్రి దాని మీదనే స్కేలు పెట్టి, తన కూతురి నుదుటి చుట్టూ చుట్టి తీసిన దారాన్ని కొలిచి, ఫోనులో చూపించింది. యాభై సెంటీమీటర్లు. అయిదు తగ్గిస్తే నలభై అయిదు, అంటే తొంభై కుట్లు, కానీ తొంభై అన్నది నాలుగుతో భాగించబడదు. ఎనభై ఎనిమిది వేసుకున్నాను.